చెక్క చేతుల చేతివాటం

పారిస్‌లో సర్కారు రుణపత్రాల ధర పెరిగిందో పడిపోయిందో దక్షిణాన బోర్డో నగరంలో తెలియాలంటే, 1834లో టపా బండి వచ్చేదాకా రోజుల తరబడి కాచుకోవాల్సిందే. బండికంటే ముందే సంగతి తెలిసినవాడికి డబ్బే డబ్బు. అంత వేగంగా కబురు మోసే సాధనం ఫ్రాన్సులో అప్పటికి నలభై ఏళ్లుగా ఉంది. కానీ అది ప్రభుత్వ సొత్తు, షావుకార్లకు అందేది కాదు.

ఆ సాధనం క్లోడ్ షాప్ సృష్టించిన టెలిగ్రాఫ్. ఎత్తయిన చోట ఒక బురుజు, దాని మీద స్తంభం, స్తంభానికి అడ్డంగా పొడవాటి దూలం, దూలం రెండు కొసలకీ చిన్న చేతులు. లోపలి మనిషి తాళ్లు లాగితే చేతులు తిరుగుతాయి. పక్క బురుజు వాడు దుర్భిణిలో చూసి అదే భంగిమ పెడతాడు, వాణ్ని చూసి ఆ పక్కవాడు. 1792లో పారిస్‌లో ఈ యంత్రాన్ని చూసిన జనం, చెరలో ఉన్న రాజుకు సైగలు చేస్తున్నారనుకుని విరగ్గొట్టారు. రెండేళ్లు తిరిగేసరికి పారిస్ నుంచి లిల్ దాకా బురుజులు లేచాయి. యుద్ధంలో కోండే కోట మళ్లీ ఫ్రెంచి సేన చేజిక్కిందన్న వార్త కొన్ని గంటల్లోనే రాజధాని చేరింది. మన దేశంలోనూ కంపెనీ దొరలు కలకత్తా నుంచి చునార్ వైపు ఇలాంటి బురుజులే కట్టించారు.

సంకేతాలు 92. మొదటి భంగిమ సంకేత పుస్తకంలో పుట చెబుతుంది, రెండోది ఆ పుటలో వరుస. 92 పుటలు, పుటకు 92 వరుసలు, అంటే 8,464 మాటలు. ఆ పుస్తకం ఉండేది పెద్ద కేంద్రాల్లోనే. మధ్య బురుజుల వాళ్లకు తాము మోస్తున్నది యుద్ధ వార్తో, పెళ్లి వార్తో తెలియదు. వాళ్లకు అర్థమయ్యేవల్లా పని నడిపే కొన్ని సైగలు: మొదలు, ఆపు, ముందుది తప్పు, కొట్టెయ్.

ఈ ‘కొట్టెయ్’ దగ్గరే బోర్డో సోదరులు ఫ్రాన్స్వా, జోసెఫ్ బ్లాన్‌లకు దారి దొరికింది. పారిస్ నుంచి వచ్చే సందేశాలను టూర్ నగరంలో సరిచూసి, తప్పులేరేసి, ముందుకు పంపేవారు. కాబట్టి తప్పు పెట్టదలిస్తే టూర్ దాటాకే పెట్టాలి. అక్కడి ఉద్యోగికి లంచం ముట్టింది. ధర బాగా కదిలిన రోజు పారిస్‌లోని వాళ్ల మనిషి అతడికి ఒక పార్శిల్ పంపేవాడు. లోపల వచ్చిన వస్తువును బట్టి పెరిగిందో తగ్గిందో తెలిసేది. అతడు సర్కారు సందేశం మధ్యలో ఒక దొంగ సైగ దూర్చి, వెంటనే ‘కొట్టెయ్’ అనేవాడు. దారిలోని బురుజులన్నీ తప్పునీ, దిద్దుబాటునీ అలాగే మోసేవి. బోర్డో అధికారి చివర్లో తప్పు తీసేసి శుభ్రమైన ప్రతి రాసుకునేవాడు. అప్పటికే బయట, బురుజు కనబడే చోట కూర్చున్న బ్లాన్‌ల మనిషి తనకు కావాల్సింది చూసేసేవాడు. సర్కారు జీతగాళ్లే తెలియక వాళ్లకు చాకిరీ చేశారు!

రెండేళ్లు నడిచింది. 1836లో టూర్ ఉద్యోగి జబ్బుపడి, తన బదులు పని చేస్తాడనుకున్న స్నేహితుడికి గుట్టు చెప్పాడు. ఆ స్నేహితుడు రట్టు చేశాడు. 1837లో విచారణ జరిగింది. టెలిగ్రాఫ్‌ను సొంతానికి వాడుకోవడం నేరమనే చట్టమే లేదు, సోదరులు ఖర్చులు కట్టి బయటపడ్డారు. ఆ ఏడాదే ప్రభుత్వం హడావిడిగా చట్టం తెచ్చి, ఈ రంగాన్ని పూర్తిగా తన గుప్పిట్లో పెట్టుకుంది. ఫ్రాన్స్వా బ్లాన్ తర్వాత మొనాకో వెళ్లి, మోంటే కార్లో జూదశాలను ప్రపంచ ప్రసిద్ధం చేశాడు.