కాశీకి పోయి తిరిగొచ్చిన విమానం

కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనేవారు మన పెద్దలు. రైళ్లు లేని కాలపు మాట అది. ఒక యుద్ధ విమానం విషయంలో మాత్రం ఆ మాట నిన్నమొన్నటి దాకా నిజమనిపించింది.

ఆ విమానం హరికేన్. నంబరు ఆర్4118. 1940 వేసవిలో ఇంగ్లండ్‌లో తయారైంది. ఆ జులైలోనే బ్రిటన్ విమానోత్పత్తి మంత్రి బీవర్‌బ్రూక్ ఇల్లాళ్లను అల్యూమినియం సామాను ఇమ్మని అడిగాడు. మీ గిన్నెలను స్పిట్‌ఫైర్లుగా, హరికేన్లుగా మారుస్తామన్నాడు. సత్తు గిన్నెలు, మూకుళ్లు గడప దాటి గుట్టలుగా పోగయ్యాయి.

ఆ శరదృతువులో లండన్ పక్కన క్రోయ్‌డన్ నుంచి బ్రిటన్ వైమానిక దళం (ఆర్.ఏ.ఎఫ్.) 605వ స్క్వాడ్రన్ తరఫున ఆర్4118 యుద్ధానికి ఎగిరింది. 49 సార్లు వెళ్లి, ఐదు శత్రు విమానాల కూల్చివేతలో పాలుపంచుకుంది. ఆ తరవాత పైలట్ల శిక్షణకు వాడారు. 1943 చివర్లో ఓడెక్కించి మన దేశానికి పంపారు. ఇక్కడ అది యుద్ధం చేసింది లేదు.

యుద్ధం ముగిశాక గిన్నెల కథ తిరగబడింది. మొత్తం 14 వేలకు పైగా తయారైన హరికేన్లలో మిగిలినవి చాలావరకు తుక్కు కింద కొలిమికి చేరాయి. ఆర్4118ని కాపాడింది ఒక దానం. 1947లో దాన్ని కాశీలోని బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు, ఇంజినీరింగ్ విద్యార్థులు చూసి నేర్చుకోవడానికి. కొన్నాళ్లకు పాఠాలు మారాయి. విమానం ఆరుబయట ఎండకూ వానకూ మిగిలింది.

1982లో పీటర్ వాచర్ అనే ఆంగ్లేయుడు పాత రోల్స్‌రాయిస్ కార్లను వెతుక్కుంటూ వచ్చి దాన్ని చూశాడు. తుప్పు పట్టినా, నంబరు చెక్కుచెదరలేదు. నంబరు ఉంటే పాత రికార్డులు తెరవొచ్చు. ఏ రోజు ఎగిరింది, ఎవరు నడిపారు, ఎక్కడ దెబ్బతింది, అన్నీ బయటపడతాయి. అలా వెతికితేనే ఈ పాతసామాను 1940 నాటి బ్రిటన్ గగనతల యుద్ధంలో పోరాడిన విమానమని తేలింది. ఏళ్ల తరబడి ఉత్తరాలు, అనుమతులు నడిచాక 2001లో అది ఇంగ్లండ్ చేరింది.

హరికేన్ సగం లోహం, సగం వడ్రంగం. ముందు భాగానికి లోహపు రేకు. వెనక భాగంలో ఉక్కు గొట్టాల చట్రం, దాని మీద చెక్క బద్దలు, ఆపైన బిగించి రంగు పూత పూసిన నార గుడ్డ. రెక్కల దూలాలు మరీ చిక్కు. ఉక్కు రేకును 12 పలకల గొట్టంగా చుట్టి, ఒకదానిలో ఒకటి దూర్చి చేసినవి. వాటిని చుట్టే యంత్రాలు ఎప్పుడో పోయాయి. సఫోక్‌లో హరికేన్లను బాగుచేసే నిపుణులు దూలం కంటే ముందు దాన్ని చేసే పనిముట్లను చేసుకోవాల్సి వచ్చింది. 2004 డిసెంబరు 23న కేంబ్రిడ్జ్‌లో ఆర్4118 మళ్లీ గాల్లోకి లేచింది. యువకుడిగా దాన్ని నడిపిన బాబ్ ఫోస్టర్, ముసలితనంలో మళ్లీ దాని పక్కన నిలబడ్డాడు.

బాగుచేయడమే ఎప్పుడూ మేలు కాదు. 2012లో ఈజిప్టు ఎడారిలో ఒక కిట్టీహాక్ యుద్ధ విమానం దొరికింది. 1942లో దిగిన చోటే, దిగినట్టే పడి ఉంది. పైలట్ డెన్నిస్ కాపింగ్ ఏమయ్యాడో తెలియలేదు. తరవాత ఎల్ అలమేన్ మ్యూజియంలో దానికి మెరిసే కొత్త రంగులు పూశారు, సొరచేప నోటితో సహా. ఏడు దశాబ్దాల ఇసుక రాసిన చరిత్ర పూత కింద పడిపోయింది. చరిత్రకారులు ఊరుకోలేదు. లండన్‌లోని ఆర్.ఏ.ఎఫ్. మ్యూజియం వేరే దారి తొక్కింది. 1973లో నార్వే సరస్సు నుంచి తీసిన హాలిఫాక్స్ బాంబర్‌ను దొరికిన స్థితిలోనే ఉంచింది. పగిలిన రేకులే సందర్శకులకు కథ చెబుతాయి.

ఒకటి ఎగరాలంటే పాడైన భాగం పోవాలి. ఇంకొకటి సాక్ష్యం చెప్పాలంటే పాడైన భాగమే ఉండాలి. ఏ విమానం ఏ పనికి మిగిలిందో గుర్తించడమే అసలు విద్య.

కాశీకి వెళ్తే ఏదో ఒకటి వదిలి రావాలంటారు. ఆర్4118 చివికిన చెక్కనూ గుడ్డనూ వదిలేసుకుంది. నంబరు మాత్రం వెంట తెచ్చుకుంది.