ఉత్తరములోని అక్షరము: ఏడు బిట్ల నుంచి గుంజాల వరకు

కరీంనగరులో పోస్టు చేసిన ఉత్తరము ఆదిలాబాదు చేరవలెనన్న చిరునామా సరిగా ఉంటే చాలును. కవరు లోపల తెలుగు ఉన్నదా, ఉర్దూ ఉన్నదా, మరాఠీ ఉన్నదా అన్నది పోస్టుమానుకు అక్కరలేదు. కాగితము మీద ఏది వ్రాస్తే అదే అవతలి ఊరికి చేరుతుంది.

కంప్యూటరు ద్వారా పోయే ఉత్తరము అటువంటిది కాదు. అందులో కాగితము లేదు, సిరా లేదు. తీగల వెంట ప్రయాణము చేసేవి సంఖ్యలు మాత్రమే. ఏ సంఖ్య ఏ అక్షరమో పంపే యంత్రానికీ, అందుకొనే యంత్రానికీ మధ్య ముందుగా ఒక ఒప్పందము ఉండవలెను. ఆ ఒప్పందము తప్పినచోట చక్కని తెలుగు ఉత్తరము ప్రశ్నార్థకముల వరుసగా మారి చేరుతుంది. ఈ ఒప్పందము ఎట్లా కుదిరినదో, ఎక్కడెక్కడ తప్పినదో తెలిసికొంటే ఉత్తరము చెడినప్పుడు దాన్ని బాగుచేసే మార్గము కూడా తెలుస్తుంది. ఆదిలాబాదు జిల్లాలోని ఒక చిన్న గ్రామపు లిపికి ఈ ప్రశ్న మరింత ముఖ్యమైనది.

ఏడు బిట్ల బాట

కంప్యూటరుకు తెలిసినవి 0, 1 అనే రెండే గుర్తులు. అటువంటి ఒక్కొక్క గుర్తును బిట్టు అంటారు. ఏడు బిట్లను వరుసగా పేర్చితే 128 వేర్వేరు కూర్పులు వస్తాయి. 1963లో అమెరికాలో వెలువడి, 1967లో సవరణ పొందిన ఆస్కీ అనే సంకేత పట్టిక ఈ 128 స్థానములతోనే తయారైనది. అందులో 33 స్థానములు యంత్రానికిచ్చే ఆజ్ఞలు. మిగిలిన 95లో ఇంగ్లీషు చిన్న, పెద్ద అక్షరములు, అంకెలు, విరామచిహ్నములు, ఖాళీజాగా ఉన్నవి. మరొక లిపికి అందులో చోటు లేదు.

1971లో రే టామ్లిన్సన్ అనే ఇంజనీరు ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు ఉత్తరము పంపే పద్ధతిని కనిపెట్టి, మనిషి పేరుకూ యంత్రము పేరుకూ మధ్య 'అట్' గుర్తును ఉంచినాడు. 1982లో జాన్ పోస్టెల్ ఉత్తరముల రవాణాకు నియమావళిని వ్రాసినాడు. దాని ప్రకారము ఉత్తరములో ఏడు బిట్ల అక్షరములే ఉండవలెను. ఒక పంక్తి వెయ్యి అక్షరములకు మించరాదు. ఇంగ్లీషు వ్రాసేవారికి ఈ బాట చాలినంత వెడల్పుగానే ఉన్నది. తక్కిన భాషల కష్టములన్నీ ఇక్కడి నుంచే మొదలైనవి.

ఎల్మ్, పైన్, పికో

ఉత్తరములను చదవడానికి, వ్రాయడానికి ఒక ప్రోగ్రాము కావలెను. బొమ్మలు, మౌసు లేకుండా నల్లని తెర మీద అక్షరములతోనే పనిచేసే ప్రోగ్రాములు మొదట వచ్చినవి. 1986లో డేవ్ టేలర్ తయారుచేసిన ఎల్మ్ వాటిలో ప్రసిద్ధమైనది. ఉత్తరము వ్రాయవలసి వచ్చినప్పుడు అది వేరొక ఎడిటరును, తరచుగా 1976లో బిల్ జాయ్ ప్రారంభించిన వీఐని పిలిచేది. వీఐ శక్తిమంతమైనదే గాని, మీటలు నేర్వని వారికి అందులో నుంచి బయటపడటమే కష్టముగా ఉండేది.

ఈ ఇబ్బందిని తీర్చడానికి అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయములో 1989లో పైన్ అనే ప్రోగ్రాము పని మొదలైనది. కంప్యూటరు నిపుణులు కాని కార్యాలయ ఉద్యోగులు కూడా దీనిని వాడగలగవలెనని దాని కర్తల ఉద్దేశము. దానితో పాటు పికో అనే చిన్న ఎడిటరు పుట్టినది. ఏ మీట ఏ పని చేస్తుందో తెర అడుగున రెండు పంక్తులలో ఎప్పుడూ కనిపిస్తూ ఉండేది. ఎల్మ్, పైన్ రెండూ చెట్ల పేర్లు కావడము కూడా గమనింపదగినది.

అయితే ఇందులోనూ ఒక చిక్కు ఉన్నది. కంట్రోల్ మీటతో పాటు ఎక్స్ నొక్కితే పికోలో ఎడిటరు మూతపడుతుంది. పైన్‌లో అదే జంట ఉత్తరమును పంపివేయడానికి గుర్తు. అందువల్లనే పంపే ముందు పైన్ ఒకసారి అడిగి నిర్ధారించుకొంటుంది. ఒకే మీట రెండుచోట్ల రెండు అర్థములు ఇచ్చినప్పుడు ఇటువంటి హెచ్చరిక తప్పనిసరి.

మన దేశములో 1986లో ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్యసమితి సహాయముతో విద్యాసంస్థల కొరకు ఎర్నెట్‌ను ప్రారంభించినది. ప్రభుత్వ కార్యాలయముల కొరకు ఏర్పడిన నిక్‌నెట్ ఉపగ్రహము ద్వారా జిల్లా కేంద్రములను రాజధానులతో కలిపినది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ సేవను తెరిచినది. అప్పటి ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు పూర్వపు కరీంనగరు జిల్లాలోని వంగర గ్రామము వారు. ఆయన అరువది ఏండ్లు దాటిన తరువాత కంప్యూటరు నేర్చి, స్వయముగా ప్రోగ్రాములు వ్రాసినవారు. ఆ తొలి సంవత్సరములలో తక్కువ చందా ఖాతాలలో అక్షరములు మాత్రమే కనిపించేవి. ఆనాటి విద్యార్థులు ఎందరో పైన్‌లోనే తమ మొదటి ఉత్తరము చదివినారు.

ఇంగ్లీషు బండిలో తెలుగు

ఏడు బిట్ల బాటలో తెలుగు లిపి పోలేదు గాని తెలుగు భాష ఆగలేదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయములో ఉన్న తెలుగువారు 1990ల ఆరంభములో ఒక లిప్యంతరీకరణ పద్ధతిని ఏర్పరచినారు. అది ఆర్.టి.ఎస్. పేరుతో వ్యాప్తిలోకి వచ్చినది. అందులో చిన్న ఎల్ 'ల'కు గుర్తు, పెద్ద ఎల్ 'ళ'కు గుర్తు. చిన్న ఎన్ 'న', పెద్ద ఎన్ 'ణ'. కనుక 'కల', 'కళ' అనే మాటలకు తేడా పోదు. ఇంగ్లీషు అక్షరములలో వచ్చిన ఉత్తరమును తిరిగి తెలుగు లిపిలోకి మార్చే ప్రోగ్రాములు కూడా వచ్చినవి. దేశదేశముల తెలుగువారు కొన్నేండ్లపాటు ఈ పద్ధతిలోనే ముచ్చటించుకొన్నారు, పద్యములు పంపుకొన్నారు.

ఇది తాత్కాలికమైన ఉపాయము. లిపి లిపిగానే పోవడానికి మూడు ఏర్పాట్లు కావలసి వచ్చినవి. మొదటిది ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే సంఖ్య. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు స్థానము లభించినది. అందులో 'అ' సంఖ్య 3077. రెండవది ఆ సంఖ్యను బైట్లుగా, అనగా ఎనిమిదేసి బిట్ల కట్టలుగా వ్రాసే పద్ధతి. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యుటిఎఫ్-8 ఇది. దీనిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు అక్షర సంకేతానికి మూడు బైట్లు పడతాయి. 'అ' అనగా 224, 176, 133 అనే మూడు బైట్లు. మూడవది ఈ బైట్లు ఏ పద్ధతిలో ఉన్నవో చెప్పే చీటీ. 1992లోనే నథానియేల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ వ్రాసిన మైమ్ నియమములు ప్రతి ఉత్తరము తలభాగములో ఆ చీటీని అంటించే పద్ధతి ఏర్పరచినవి.

ఎనిమిది బిట్ల బైట్లను ఏడు బిట్ల బాటలో పంపే ఉపాయము కూడా మైమ్‌లో ఉన్నది. మూడు బైట్లకు మొత్తము 24 బిట్లు. వాటిని ఆరేసి బిట్ల నాలుగు ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకు ఆస్కీలోని ఒక గుర్తును పెడతారు. దీనిని బేస్-64 అంటారు. 'అ' ఈ విధముగా 'నాలుగు, ఎల్, సి, ఎఫ్' అనే నాలుగు గుర్తులై ప్రయాణము చేసి, అవతల మళ్ళీ 'అ' అవుతుంది. విద్యార్థులు పై మూడు సంఖ్యలను రెంటి స్థానములలో వ్రాసి ఈ లెక్కను తామే సరిచూడవచ్చును.

తప్పును గుర్తించే విధము

ఉత్తరము చెడినప్పుడు చెడిన తీరును బట్టి తప్పు ఎక్కడ ఉన్నదో చెప్పవచ్చును. వైద్యుడు లక్షణమును బట్టి రోగమును గుర్తించినట్లే ఇది.

అక్షరములకు బదులు ఖాళీ గళ్ళు కనిపిస్తే బైట్లు క్షేమముగా చేరినవని తరచుగా అర్థము. చదివే యంత్రములో ఆ లిపి ఫాంటు లేదు. ఫాంటు చేర్చితే అదే ఉత్తరము చదవవచ్చును.

తలపై గీత ఉన్న ఫ్రెంచి 'ఏ' అక్షరము, డిగ్రీ గుర్తు మాటిమాటికి వస్తూ ఉంటే బైట్లు సరైనవే, చీటీ తప్పు. ఐరోపా పట్టికలో 224 ఆ ఫ్రెంచి అక్షరానికి, 176 డిగ్రీకి సంఖ్యలు. అందుకే తెలుగు అంతా ఆ వేషములో కనిపిస్తుంది. చదివే ప్రోగ్రాములో సంకేత పద్ధతిని యుటిఎఫ్-8గా మార్చితే తెలుగు తిరిగి వస్తుంది.

ఇక ప్రశ్నార్థకములే వరుసగా ఉంటే సాధారణముగా దారిలో ఏదో ఒక ప్రోగ్రాము తనకు తెలియని అక్షరమును తీసివేసి ఆ గుర్తు పెట్టినది. ఆ ప్రతి నుంచి దానిని బాగుచేయడానికి వీలు లేదు. పంపినవారిని తిరిగి పంపమనవలెను.

ఎడిటరులో వచ్చే చిక్కు మరొక రకమైనది. 'క్ష' చూపుకు ఒక్క అక్షరము. యూనికోడ్‌లో అది క, పొల్లు, ష అనే మూడు సంకేతములు. యుటిఎఫ్-8లో తొమ్మిది బైట్లు. ఒక బైటు ఒక అక్షరమని నమ్మిన పాత ఎడిటరు 'క్ష'కు తొమ్మిది గళ్ళు లెక్కవేస్తుంది. అప్పుడు కర్సరు ఒకచోట, అక్షరము ఇంకొకచోట కనిపిస్తాయి. పంక్తి అక్షరము మధ్యలో తెగుతుంది. 2007 డిసెంబరులో పైన్‌కు వారసుగా వచ్చిన ఆల్పైన్ లోపల అంతటా యూనికోడ్‌ను వాడినది. దాని సెటప్ పట్టికలో తెరకు, కీబోర్డుకు, పంపే ఉత్తరానికి వేర్వేరుగా సంకేత పద్ధతిని నిర్ణయించవచ్చును. టెర్మినల్ సైతము అదే పద్ధతిలో ఉండవలెను. ఇవి ఒకదానితో ఒకటి పొసగకపోతే అక్షరము చెడవచ్చును.

గుంజాల లిపికి పరీక్ష

ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలములో గుంజాల అనే గ్రామము ఉన్నది. గోండి భాషను ప్రత్యేకమైన లిపిలో వ్రాసిన ప్రతులు అక్కడ దొరికినవి. ఆచార్య జయధీర్ తిరుమలరావు, హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ శతాబ్దములో వాటిని లోకానికి తెలియజేసినారు. అంతకు ముందు 1943లో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ ప్రారంభించిన గోండు విద్యాపథకములో గోండి పాఠములను దేవనాగరిలో అచ్చువేసినారు. బాలాఘాటుకు చెందిన మున్షీ మంగళ్ సింగ్ మసారాం 1918లో కల్పించిన లిపి మరొకటి ఉన్నది. గుంజాల లిపి ఈ రెంటికీ వేరైనది. ఆ గ్రామములోని పెద్దలు దానిని చదవగలిగి ఉండుట వల్లనే అది నిలిచినది.

మసారాం గోండికి 2017 జూన్‌లో, గుంజాల గోండికి 2018 జూన్‌లో యూనికోడ్‌లో స్థానము లభించినది. గుంజాల గోండిలోని 'అ' సంఖ్య 73056. తెలుగు 'అ' సంఖ్య 3077 మాత్రమే. ఈ తేడాలోనే చిక్కు ఉన్నది. పదహారు బిట్లలో ఇమిడే పెద్ద సంఖ్య 65535. గోండి అక్షరములు ఆ హద్దు దాటి ఉన్నవి. వాటికి యుటిఎఫ్-8లో మూడు బైట్లు చాలవు, నాలుగు కావలెను: 'అ'కు 240, 145, 181, 160. పదహారు బిట్లే చాలునని, మూడు బైట్లే చాలునని తలచి వ్రాసిన ప్రోగ్రాములు తెలుగును చక్కగా మోస్తాయి. గోండి వచ్చేసరికి అక్షరమును తుంచివేస్తాయి, లేదా అక్కడ ప్రశ్నార్థకము పెడతాయి. ఇంగ్లీషు వారి ఏడు బిట్ల లెక్క ఒకప్పుడు తెలుగును ఎట్లా బయట నిలిపినదో, తెలుగుకు చాలిన లెక్క ఈనాడు పొరుగునున్న గోండిని అట్లా బయట నిలుపగలదు.

ఈ తప్పులో ఎవరికీ దురుద్దేశము లేదు. తన ఎదుట ఉన్న అక్షరములే లోకమని లెక్కవేయడము వల్ల వచ్చిన తప్పు ఇది. దానిని పట్టుకొనే పరీక్ష చాలా సులభము. ఉత్తరముల ప్రోగ్రామును సిద్ధము చేసినప్పుడు ఒక ఇంగ్లీషు మాట, ఒక తెలుగు మాట, ఒక గోండి మాట వ్రాసి తనకే తాను పంపుకొని చూడవలెను. మూడూ వ్రాసినట్లే తిరిగి వస్తే ఆ యంత్రము గుంజాల బడిపిల్లవాని ఉత్తరమును కూడా మోయగలదు. మొదటి రెండే వస్తే పని ఇంకా మిగిలి ఉన్నది.