కోటగిరి డప్పు, చిందు కిరీటం: బోధన్ పల్లెల్లో చెక్కపని

నిజామాబాద్ జిల్లా బోధన్ డివిజన్‌లోని కోటగిరి చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లికీ చావుకీ, బోనాలకూ పీర్ల పండుగకూ మోగేది డప్పు. ఒగ్గుకథకు డోలు, చిందు యక్షగానానికి మద్దెల. ఈ మూడింటిలో దేని చెక్క మీదా పొదుగుపని సంప్రదాయం కనిపించదు. ముత్యపు చిప్ప, దంతం, లోహపు తీగ వంటివి పొదిగి పూలూ లతలూ తీర్చే పనితనం దక్కనులో లేక కాదు. అది వాద్యం దాకా రాకపోవడానికి కారణాలు సగం తయారీలో ఉన్నాయి, సగం వాయించేవాళ్ల బతుకులో ఉన్నాయి.

డప్పు ఇద్దరి చేతుల మీదుగా తయారవుతుంది. చట్రం వడ్లవాళ్ల పని, తోలు మాదిగల పని. చట్రం సుమారు అడుగున్నర వ్యాసం, మూడు అంగుళాల వెడల్పు. వంపు తీర్చిన చెక్కముక్కలను అంచుకు అంచు కలిపి గుండ్రంగా బిగిస్తారు. బాడిసతో వంపు తీసి, ఉలితో అతుకులు సరిచేసి, చిత్రిక పడతారు. బండిచక్రం చేసే చేతికి ఇందులో కొత్తేమీ లేదు. సున్నపు నీళ్లలో నానబెట్టి వెంట్రుక తీసిన తోలును తడిగా ఉండగానే చట్రం మీద లాగి, అంచు మడిచి, చింతగింజల జిగురుతో పక్కలకు అతికిస్తారు. ఆరినకొద్దీ తోలు బిగుస్తుంది. మడత కిందికి పోగా బయటికి కనిపించే చెక్క కొద్దిగానే మిగులుతుంది. పైగా వాయించే ముందు ప్రతిసారీ గడ్డిమంట దగ్గర డప్పును కాచాలి. లేకపోతే సిర్ర అనే లావు పుల్ల దెబ్బకు శబ్దం పలకదు, సిటికెన పుల్ల సన్నగా మోగదు. వానాకాలం మధ్యమధ్యలో ఆపి మళ్లీ కాచక తప్పదు. ఇన్ని మంటలకు జిగురుతో నిలిపిన చిప్ప ముక్క ఎన్నాళ్లో ఆగదు. పలుచని చట్రంలో పొదుగు కోసం గాడి తీస్తే అతుకుల బలమూ తగ్గుతుంది.

అంతకన్నా పెద్ద కారణం ఖర్చు పెట్టేవాడు లేకపోవడం. నిజాం కాలపు వెట్టిలో ఊరి చాటింపు మాదిగల మీద మోపిన చాకిరీ. చాకిరీ కోసం పట్టిన డప్పుకు దొర సింగారం చేయించడు. గింజల కూలితో బతికేవాడు తనంతట తాను చేయించుకోలేడు.

డోలుకైతే కుచ్చులు, రంగుగుడ్డ కడతారు. అవి విప్పి మార్చుకునే సింగారాలే తప్ప చెక్కలో దిగేవి కావు. మద్దెల తోలు మీద ఇనుప రజను, అన్నం కలిపి మెదిపి పొరలు పొరలుగా వేసి నున్నగా రుద్దే నల్లటి పూతలో కంసాలి పనికి తీసిపోని ఓపిక ఉంది. కాని దాని ప్రయోజనం శ్రుతి, అందం కాదు.

పొదుగుపని చూడాలంటే మంజీర వెంట ఎగువకు వెళ్లాలి. కోటగిరి ప్రాంతాన్ని తాకి కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసే ఈ నది అంతకుముందు బీదర్ సీమ మీదుగా వస్తుంది. బీదర్ కోటలో 16వ శతాబ్దంలో అలీ బరీద్ షా తీర్చిదిద్దించిన రంగీన్ మహల్‌లో నల్లరాతిలో ముత్యపు చిప్ప పొదిగారు; చెక్క స్తంభాల నిండా నగిషీ చెక్కారు. జింకు, రాగి కలిపి పోసిన పాత్రల్లో వెండి దిగగొట్టి, కోట మట్టితో నలుపు తెప్పించే బిద్రీ పని కూడా అక్కడిదే. 1956 దాకా బీదర్, నిజామాబాద్ రెండూ హైదరాబాద్ రాష్ట్రంలోనివే. అయినా ఆ పనితనం కోటలకూ దివాణాలకూ పోయింది గాని పల్లె వాద్యానికి రాలేదు.

తెలుగునాట వాద్యం మీద పొదుగు నిలిచింది ముఖ్యంగా వీణకే. బొబ్బిలిలో పనస దుంగను తొలిచి చేసే వీణలకు పూర్వం దంతపు పని ఉండేది. 1972 వన్యప్రాణి చట్టానికి 1986లో చేసిన సవరణ మన ఏనుగు దంతం వ్యాపారాన్ని ఆపింది; దాని స్థానంలోకి ప్లాస్టిక్ వచ్చింది. వీణను ఎవరూ మంటకు చూపరు, ఊరేగింపులో భుజాన వేసుకోరు. ఈజిప్టు, సిరియాల్లో రిక్ అనే చిన్న చట్రపు వాద్యానికి చుట్టూ ముత్యపు చిప్ప పొదుగుతారు. ఆకారంలో అది డప్పుకు చుట్టమే. కాని అది ప్రధానంగా గదుల్లో, సంగీత మేళంలో మోగేది. ఇరాన్‌లో తొంబక్ వాద్యం మీద ఖాతం అనే పొదుగు కనిపించడానికీ అలాంటి వాడుకే కారణం.

బోధన్ పల్లెల్లో సింగారమంతా వాద్యాన్ని వదిలి వేషం మీదికి ఎక్కింది. చిందు యక్షగానం ఆడే చిందువాళ్లు మాదిగల ఆశ్రిత కులం. జాంబపురాణం వాళ్ల ముఖ్యమైన ఆట. 2005లో కన్నుమూసిన ప్రసిద్ధ చిందు కళాకారిణి చిందుల ఎల్లమ్మది బోధన్ దగ్గరి అమ్దాపూర్. ఈ ఆటలో కిరీటం, భుజకీర్తులు పొనికి వంటి తేలిక చెక్కతో చేస్తారు. నిర్మల్ బొమ్మలకు వాడేదీ ఆ చెక్కే. అది మెత్తన, కత్తికి తేలిగ్గా తెగుతుంది, తల మీద రాత్రంతా మోసినా బరువనిపించదు. దాని మీద తళుకు కాగితం అంటించి, అద్దపు బిళ్లలు అమరుస్తారు. కాగడా వెలుగులోనూ, తర్వాత పెట్రోమాక్స్ వెలుగులోనూ వేషం కదిలినప్పుడల్లా అవి మెరిసేవి. ఇక్కడి చెక్కపనిలో పొదుగుకు దగ్గరగా వచ్చేది ఇదొక్కటే.

నిజాంసాగర్ 1931లో పూర్తయి, 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చాక చెరకు ఈ ప్రాంతపు పంట అయింది. చెరకు తోలే బండ్లతో వడ్లవాళ్లకు చేతినిండా పని దొరికింది. ట్రాక్టర్లు వచ్చాక ఆ పని పోయి తలుపులూ కిటికీలూ మిగిలాయి; ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. ఈలోగా డప్పూ మారింది. ఇనుప చట్రానికి నట్లు, బోల్టులతో ఫైబర్ రేకు బిగించిన డప్పులు బజారులోకి వచ్చాయి. తెలంగాణ ఉద్యమ కాలంలో ధూంధాం అనే ఆటపాటల సభల వేదికల మీద డప్పులు దండులుగా మోగాయి. ఫైబర్ డప్పుకు మంట అక్కర్లేదు గనుక పొదుగుకున్న పాత అడ్డంకి తొలగింది. కాని అప్పటికి ఉలి దిగేందుకు చట్రంలో చెక్కే లేదు. దళం పేరు, బొమ్మ రంగుతో వేయించడమే ఇప్పుడు డప్పుకు జరిగే అలంకరణ.