వ్యాయామ బనియను: నార ఒక్కటే చాలదు, అద్దకమూ చూడాలి

వ్యాయామ సమయంలో పురుషులు ధరించే పై వస్త్రం ఒకప్పుడు తెల్లని నూలు బనియనే. కొల్హాపూరు తాలీములలో ఎర్రమట్టిపై కుస్తీ పట్టే మల్లులకు లంగోటా చాలు కనుక వారి సంగతి వేరు. తక్కినవారి విషయంలో నూలు స్థానాన్ని నేడు చాలవరకు పాలియెస్టరు ఆక్రమించింది. అది తేలికైనది, త్వరగా ఆరుతుంది, రంగు వెలవదు. అయితే పెట్రోలియం నుండి పుట్టిన ఆ పోగు ఉతికిన ప్రతిసారీ కంటికి ఆనని ప్లాస్టిక్ తునకలను నీటిలోకి విడుస్తుంది. దానిని వదలి సహజ నారల వైపు మరలదలచిన పాఠకులకు ఉపకరించే వివరాలు ఇవి.

ముందుగా నారల స్వభావం. 20 డిగ్రీల ఉష్ణోగ్రత, 65 శాతం తేమ గల గాలిలో 100 గ్రాముల పొడి ఉన్ని సుమారు 16 గ్రాముల తేమను గ్రహిస్తుంది. అవిసె నార 12 గ్రాములు, పత్తి 8.5 గ్రాములు గ్రహిస్తే, పాలియెస్టరు గ్రహించేది 0.4 గ్రాము మాత్రమే. పత్తి చెమటను పీల్చుకుంటుంది కానీ త్వరగా వదలదు. బరువులెత్తేవారికి, యోగాసనాలు వేసేవారికి ఇది ఇబ్బంది కాదు. గంటకు మించి పరుగెత్తేవారికి మాత్రం తడిసిన బనియను బరువెక్కి చంకలను, చనుమొనలను ఒరుస్తుంది. ఈ లోపాన్ని దాచి నూలును పొగడటం సరికాదు. దుర్వాసన విషయంలో నూలుదే పైచేయి. 2014లో బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 26 మంది వ్యాయామం చేసి విడిచిన చొక్కాలను పరీక్షించగా, పాలియెస్టరు చొక్కాల వాసన నూలు చొక్కాల వాసన కంటే తీవ్రంగా ఉన్నట్లు, దుర్వాసనకు కారణమయ్యే మైక్రోకాకస్ సూక్ష్మజీవులు పాలియెస్టరుపై బాగా పెరిగినట్లు తేలింది.

నార ఎంత మంచిదైనా అద్దకం చెడ్డదైతే ఫలితం లేదు. ఈ మాటకు తిరుప్పూరే సాక్ష్యం. వెళ్ళియంగిరి కొండలలో పుట్టి కోయంబత్తూరు, తిరుప్పూరుల మీదుగా సాగి కావేరిలో కలిసే నొయ్యల్ నది ఒడ్డునే దేశపు బనియన్ల రాజధాని వెలసింది. నూలుకు రియాక్టివ్ రంగులు పట్టాలంటే నీటిలో విస్తారంగా ఉప్పు కలపాలి. రంగు బట్టలోకి పోయినా ఉప్పు మాత్రం నీటిలోనే మిగిలిపోతుంది. సాగునీటి కోసం 1992లో నిర్మించిన ఒరత్తుపాళయం జలాశయం ఈ వ్యర్థజలాలకు కొలనైంది. దిగువ రైతులు నీరు విడువవద్దని వేడుకోవలసిన విపరీతం ఏర్పడింది. బావులు ఉప్పుబారాయి, పొలాలు చవుడు తేలాయి. చివరకు 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు, వ్యర్థజలాన్ని పూర్తిగా శుద్ధి చేసి తిరిగి వాడుకోని అద్దకపు కార్ఖానాలను మూసివేయవలసినదిగా ఆదేశించింది. ఆ ప్రాంతంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ కథ కొత్త కాదు. ముదురు నలుపు, ముదురు నీలం బనియనులకు రంగూ ఉప్పూ అధికంగా పడతాయి. కొనేవారు లేత రంగులను, వీలైతే అద్దని బట్టను ఎంచుకుంటే ఆ భారం కొంత తగ్గుతుంది.

అద్దకమే అక్కరలేని పత్తి మనకు పరాయిది కాదు. యానానికి పొరుగున ఉన్న కాకినాడ రేవు పేరిట ‘కోకనాడ’ అని పిలిచిన దేశవాళీ పత్తికి పుట్టుకతోనే ఎరుపు కలిసిన గోధుమ వన్నె ఉండేది. ధారవాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం కూడా గోధుమ వన్నె దేశీ పత్తిని రూపొందించింది. దేశీ పత్తికి పోగు పొట్టి కనుక సన్నని అల్లిక బట్ట తీయడం కష్టం. అమెరికాలో శాలీ ఫాక్స్ 1980ల నుండి పొడవు పోగు గల గోధుమ, ఆకుపచ్చ పత్తులను పెంచి ఆ చిక్కును కొంత విడదీసింది.

ఇక చీటీ సంగతి. ‘ఆర్గానిక్’ అన్న ఒక్క మాటను నమ్మరాదు. గాట్స్ అనే అంతర్జాతీయ ప్రమాణపు ముద్రలో రెండు తరగతులున్నాయి. మొదటిదానికి కనీసం 95 శాతం, రెండవదానికి కనీసం 70 శాతం సేంద్రియ నార ఉండాలి. అద్దకపు రసాయనాలను, వ్యర్థజలాన్ని కూడా అది పరిశీలిస్తుంది. ఓకో-టెక్స్ 100 ముద్ర తయారైన బట్టలో హానికర పదార్థాల పరిమితిని చెబుతుందే గానీ పత్తి ఎలా పండిందో చెప్పదు. ‘వెదురు బనియను’ అని అమ్మేది సాధారణంగా వెదురు గుజ్జు నుండి కార్బన్ డైసల్ఫైడ్ సాయంతో తీసిన విస్కోసు. దానిని వట్టి వెదురుగా ప్రచారం చేసిన సంస్థలపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లో చర్య తీసుకుంది. లయోసెల్ కూడా గుజ్జు పోగే అయినా, అందులో వాడే ద్రావకాన్ని దాదాపు మొత్తంగా తిరిగి రాబట్టుకుంటారు.

దక్కను గొర్రెల ఉన్ని గొంగడికి దివ్యంగా ఉంటుంది, ఒంటిపై బనియనుగా గరగరలాడుతుంది. ఒంటికి మెత్తగా ఉండే మెరీనో ఉన్ని ప్రధానంగా ఆస్ట్రేలియా నుండి వస్తుంది, వెల కూడా ఎక్కువే. పొందూరు ఖద్దరు చేతితో వడికి, చేతితో నేసిన సన్నని బట్ట. అల్లిక కాదు కనుక సాగదు. వదులుగా కుట్టించుకుంటే నడకకు, ఆసనాలకు బాగుంటుంది.

కొనేటప్పుడు చదరపు మీటరుకు 140 నుండి 160 గ్రాముల బరువు గల సింగిల్ జెర్సీ అల్లిక మన ఎండలకు అనువైనదని మా అభిప్రాయం. నూలు మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది కనుక కొంత వదులైన కొలతే మేలు. అనుమానముంటే అంచు నుండి ఒక పోగు లాగి వెలిగించి చూడవచ్చు. నూలు కాగితం కాలిన వాసనతో మెత్తని బూడిద అవుతుంది, పాలియెస్టరు కరిగి గట్టి పూసగా మారుతుంది. ఉతికేటప్పుడు బట్టను మెత్తపరచే ద్రావణాలు వాడరాదు. అవి పోగుపై పొరగా ఏర్పడి చెమట పీల్చే గుణాన్ని తగ్గిస్తాయి.

నూరు శాతం నూలు అని రాసిన బనియనులోనూ కుట్టుదారం తరచు పాలియెస్టరే. చిరిగిన బనియనును ఎరువు గుంతలో వేయదలచినవారు కుట్లను, మెడ చీటీని కత్తిరించి వేయాలి.