ఒక తిరుగుబాటు, రెండు సాక్ష్యములు

1846లో కోవెలకుంట్ల ఖజానాపై జరిగిన దాడిని గూర్చి మనకు రెండు సాక్ష్యములు మిగిలినవి. ఒకటి కుంపిణీవారి దస్తరము. రెండవది రేనాటి పల్లెల పాట. మొదటిదానిలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి రాజద్రోహి; రెండవదానిలో వీరుడు. జరిగిన సంగతి ఒక్కటే. చూచిన కన్నులు వేరు.

ఈ భేదమునకు మూలము అంతకు ముందే కలదు. 1800లో నిజాము కడప, బళ్ళారి సీమలను కుంపిణీకి దత్తము చేసెను. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇచట నుండి పాలెగాండ్రను అణచెను. కొందఱకు భరణము లేర్పఱచెను. అతని దృష్టిలో పాలెగాడు ప్రజాపీడకుడు. బిడ్డలకు మన్రో పేరు పెట్టుకొన్న ఇండ్లును ఈ సీమలో ఉండెను. కావున దేశీయు లందఱు ఒక వైపు, పరదేశీయులు ఒక వైపు అనుట చాలదు.

నరసింహారెడ్డికి అందిన భరణము నెలకు 11 రూపాయల చిల్లర. నొస్సము పాలెగాడైన మాతామహుని భరణములో భాగము కోరగా కుంపిణీ నిరాకరించెను. అదే కాలమున, గ్రామముల కావలి కాచిన కట్టుబడి బంట్రోతుల మాన్యములును ప్రభుత్వపరము కాజొచ్చెను. అట్టివారు ఆయన దండులో చేరిరి. కోవెలకుంట్ల ఖజానా కుంపిణీకి రాజధనము. కట్టుబడికి తన మాన్యపు పంట చేరిన పెట్టె. ఒకరు దోపిడి యన్నదానిని మఱియొకరు బాకీ వసూలు అనుకొనుటలో వింత లేదు.

1847 ఫిబ్రవరి 22న ఆయనను కోవెలకుంట్లలో ఉరితీసిరి. తలను 1877 వరకు కోటలో వ్రేలాడ నుంచిరి. వ్రేలాడదీసిన వారికి అది హెచ్చరిక. ముప్పది యేండ్లు దానిని చూచిన పల్లెలకు అది జ్ఞాపకచిహ్నమైనది, పాట నిలిచినది.

మేము పాటను తక్కువ చేయుట లేదు. దస్తరమును త్రోసివేయుటయు లేదు. పాటకు భరణపు లెక్కలతో పనిలేదు. దస్తరమునకు ఆకలితో పనిలేదు. ఒకటి విడిచినది రెండవదానిలో వెదకవలెను.

కర్నూలు, కడప పల్లెలకు ఈ విచారము పాత కథ కాదు. కక్షలు రగిలిన ఊళ్ళలో తనవాడు కొట్టినది మాఱుదెబ్బ, ఎదుటివాడు కొట్టినది ఘాతుకము అని ప్రతి యింటను చెప్పుకొనిరి. సాక్షిని 'నీవెవరి ఉప్పు తిన్నవాడవు?' అని అడుగుట చరిత్రకారుని ధర్మము. తీర్పు చెప్పబోవు ముందు ఆ ప్రశ్నను మనము మనకును వేసికొనవలెను.