అల్ట్రామాన్ కిరణం నుంచి ఎల్‌ఈడీ గోడ దాకా: జపాన్ తొకుసత్సులో గ్రాఫిక్స్ ఎవరి చోటు తీసుకుంది?

జపాన్ సూపర్‌హీరో సీరియళ్ల మీద చర్చ మొదలైతే చివరికి ఒకే తగవు దగ్గరికి వస్తుంది. రబ్బరు సూట్లు, మినియేచర్ భవనాలు, మందుగుండు పేలుళ్లు ఒక పక్క. కంప్యూటర్ గ్రాఫిక్స్ ఇంకో పక్క. గ్రాఫిక్స్ వచ్చి పాత పనితనాన్ని తరిమేసిందని కొందరి బాధ. పాతది ఎటూ నాటుగానే ఉండేదని మరికొందరి వాదన. ఇద్దరూ తెర మీద కనిపించేదాన్నే చూస్తున్నారు. తొకుసత్సుగా పేరుపడ్డ ఈ ట్రిక్ చిత్రీకరణ సంప్రదాయాన్ని స్టూడియో వైపు నుంచి చూస్తే లెక్క మారుతుంది. గ్రాఫిక్స్ ముందుగా ఆక్రమించింది, వేరువేరు బొమ్మలను ఫిల్మ్ మీద కలిపే ఆప్టికల్ ప్రింటర్ చోటును. సూట్ జోలికి అది చాలా ఆలస్యంగా వచ్చింది. వచ్చినప్పుడు కూడా మనిషి ఒంటిని వెతుక్కుంటూనే వచ్చింది.

1966 జూలైలో టీబీఎస్ టీవీలో మొదలైన ‘అల్ట్రామాన్’నే తీసుకుందాం. ఒక్క పోరాట దృశ్యంలో మూడు వేరువేరు పనులు కలిసి ఉండేవి. మొదటిది, సూట్ వేసుకున్న నటుడు బిన్ ఫురుయా దేహం. రెండోది, అతని చుట్టూ కట్టిన మినియేచర్ పట్టణం. ఈ రెంటినీ నిజమనిపించేది కెమెరా వేగం. ఉదాహరణకు, 1954 నాటి ‘గాడ్జిల్లా’ సినిమాలో యాభై మీటర్ల మృగాన్ని రెండు మీటర్ల సూట్‌తో చూపించారు, అంటే ఇరవై ఐదో వంతు నిష్పత్తి. ఎత్తు ఇరవై ఐదు రెట్లు తగ్గితే వస్తువు కింద పడే సమయం అయిదు రెట్లే తగ్గుతుంది. అందుచేత కూలే గోడకు అసలు భవనం బరువు రావాలంటే, లెక్క ప్రకారం, సెకనుకు 24 ఫ్రేములు తీసే చోట 120 తీయాలి. అవి మామూలు వేగంతో ఆడినప్పుడు ప్లాస్టర్ ముక్క కాంక్రీటులా నిదానంగా ఒరుగుతుంది. నీళ్లూ మంటలూ మాత్రం ఈ లెక్కకు లొంగవు. నీటిబొట్టును ఇరవై ఐదో వంతుకు కుదించే ఉపాయం లేదు. మినియేచర్ సముద్రాలు తరచూ తొట్టి నీళ్లలా కనిపించడానికి కారణం పనివాళ్ల అశ్రద్ధ కాదు, పదార్థ స్వభావం.

మూడో పని వెలుగు. అల్ట్రామాన్ చేతులు అడ్డంగా పెట్టి వదిలే స్పేసియం కిరణం సెట్ మీద లేదు. దాన్ని సదావో ఇయిజుకా చేత్తో గీశాడు. ఆ గీతలను నటుడి బొమ్మతో ఫిల్మ్ మీద కలిపేది ఆప్టికల్ ప్రింటర్. ట్రిక్ చిత్రీకరణ దర్శకుడు ఎయిజి త్సుబురాయా అమెరికా నుంచి తెప్పించుకోబోయిన ఖరీదైన ఆక్స్‌బెర్రీ యంత్రం కొనుగోలును చివరకు టీబీఎస్ తన నెత్తిన వేసుకుంది; ‘అల్ట్రా క్యూ’ సీరియల్ పుట్టుక వెనక ఆ యంత్రం కూడా ఉంది. కాబట్టి చేతిపని యుగమని మనం మురిసిపోయే కాలంలో కూడా, చిత్రంలో ఒక భాగం కెమెరా ముందు ఎన్నడూ లేనిదే. ‘అసలైనది’, ‘కృత్రిమమైనది’ అనే విభజన ఇక్కడే బీటలు వారుతుంది. కంప్యూటర్ వచ్చాక ముందుగా చేపట్టింది ఈ కిరణాలు గీసి కలిపే పనినే.

1971లో తొయేయి సంస్థ మొదలుపెట్టిన ‘కామెన్ రైడర్’ది మరో దారి. హీరో మనిషి ఎత్తువాడే కాబట్టి మినియేచర్లతో పెద్దగా పని లేదు. మోటార్‌సైకిలు, ట్రాంపొలిన్, స్టంట్ బృందం, రాళ్ల క్వారీ: ఇవే పెట్టుబడి. ప్రమాదం కూడా నిజమైనదే. ప్రధాన నటుడు హిరోషి ఫుజియోకా షూటింగులో బైకు మీద నుంచి పడి తీవ్రంగా గాయపడ్డాడు. అతను లేని లోటు తీర్చడానికి రెండో రైడర్‌ను కథలోకి తెచ్చారు. తర్వాత పిల్లలంతా అనుకరించిన రూపాంతర భంగిమ ఈ రెండో రైడర్‌తోనే మొదలైంది. ఒక గాయం కథను మలుపు తిప్పి, మొత్తం ప్రక్రియకే ఒక ముద్ర ఇచ్చింది. గ్రాఫిక్స్ మేలు గురించి మాట్లాడేటప్పుడు నటుల ఎముకల సంగతి కూడా లెక్కలోకి రావాలి.

2000లో ‘కామెన్ రైడర్ కూగా’ను ఫిల్మ్ వదిలి హైడెఫినిషన్ వీడియోలో తీశారు. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. వారం వారం ప్రసారమయ్యే సీరియల్లో, ఫిల్మ్‌ను కంప్యూటర్లోకి ఎక్కించే మెట్టు తప్పిపోవడం కళాసిద్ధాంతాలన్నిటి కన్నా బలమైన కారణం. రెండేళ్లకే ‘కామెన్ రైడర్ ర్యూకి’లో అద్దం లోపలి లోకంలో డ్రాగన్లు గ్రాఫిక్స్‌లో ఎగిరాయి.

తొయేయి వారి సెంతాయి (వీరుల బృందం) సీరియల్ ‘గావోరేంజర్’ (2001) ఇంకా ఆసక్తికరం. అందులో పవర్ యానిమల్స్ గ్రాఫిక్స్ జంతువులు. అవన్నీ కలిసి రోబోగా మారి శత్రువుతో తలపడేసరికి, లోపల చెమటోడ్చే మనిషి ఉన్న సూట్ దిగుతుంది. పరుగూ ఎగరడమూ కంప్యూటరుకు, దెబ్బా తాకిడీ మనిషికి. ఎందుకిలా? సూట్ మనిషి నేల మీద కాలు మోపితే బరువు తనంతట అదే వస్తుంది. కంప్యూటర్లో దాన్ని ప్రతి ఫ్రేములోనూ కల్పించాలి. దీనికి వ్యాపారం కూడా తోడైంది. పిల్లవాడు కొనే రోబో బొమ్మలో ఏ ముక్క ఎక్కడ అతుక్కుంటుందో తెర మీద కూడా అలాగే అతుక్కోవాలి. తొయేయి వారి ఈ రోబో పోరాటాలు తెలుగు పిల్లలకు కొత్తేమీ కాదు. ‘పవర్ రేంజర్స్’ పేరుతో 1993 నుంచి అమెరికా తయారుచేసిన సీరియల్లో ఆ దృశ్యాలు చాలావరకు జపాన్ సెంతాయి సీరియళ్ల నుంచి తెచ్చుకున్నవే. అవి టోక్యోలో తీసినవని తెలియకుండానే ఇక్కడా చూశాం.

చివరకు సూట్ చోటుకే ఎసరు వచ్చింది. 2022లో ‘దొన్‌బ్రదర్స్’ సెంతాయి సీరియల్లో అయిదుగురు వీరుల్లో ఇద్దరికి గ్రాఫిక్స్ దేహాలిచ్చారు: కుక్క వీరుడు పొట్టి, నెమలిపిట్ట జాతి పక్షి వీరుడు బాగా పొడుగు. ఏ సూట్ నటుడికీ అమరని కొలతలవి. అదే ఏడాది వచ్చిన ‘షిన్ అల్ట్రామాన్’ సినిమాలో అల్ట్రామాన్ పూర్తిగా కంప్యూటర్ సృష్టి. అయితే అతని కదలికల కోసం మోషన్ క్యాప్చర్ చేసిన వారిలో 1966 నాటి ఫురుయా ఉన్నాడు. ఇంకో వింత: పాత సీరియల్లో ఎగిరే దృశ్యాలకు వాడిన బొమ్మ బిగుసుకుపోయి ఉండేది, అది పరికరం పరిమితి. సినిమాలో కంప్యూటర్ అల్ట్రామాన్ ఆ బిగుసుతనంతోనే గిరగిరా తిరుగుతూ మృగాన్ని తంతాడు. ఎలాగైనా వంచగల దేహాన్ని కావాలని కొయ్యబొమ్మలా ఉంచారు. దీన్ని గతం మీద మమకారం అని కొట్టిపారేయడం తేలిక. నాకైతే, సూట్ నాటి లోపాలు ఈ ప్రక్రియకు వ్యాకరణంగా స్థిరపడ్డాయనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. 2016 నాటి ‘షిన్ గాడ్జిల్లా’లో మృగం నడక కోసం క్యోగెన్ రంగస్థల నటుడు మన్సాయ్ నొమురాను పిలవడం కూడా ఇలాంటిదే.

2023 నాటి సెంతాయి సీరియల్ ‘కింగ్-ఓజర్’లో నేపథ్యాలను ఎల్‌ఈడీ తెరగోడ మీద ఆడించి, దాని ముందు నటులను నిలబెట్టి తీశారు. క్వారీ పోయింది, సూట్ మిగిలింది.

పరిశోధకుడికి ఇక్కడ ఆచరణలో ఒక చిక్కుంది. త్సుబురాయా సొంతూరు సుకగావాలో 2020లో తొకుసత్సు ఆర్కైవ్ కేంద్రం తెరిచారు. మినియేచర్ల లాంటి పాత సామగ్రిని అక్కడ భద్రపరుస్తున్నారు. వెయ్యడానికి పనికిరాని రబ్బరు సూట్ అయినా దాని కుట్టు, అతుకు చూసి తయారీ పద్ధతిని చదువుకోవచ్చు. ‘గావోరేంజర్’ జంతువుల లాంటివాటి సంగతి వేరు. వాటి ఫైళ్లు తెరవాలంటే ఆనాటి సాఫ్ట్‌వేరూ కావాలి, దాన్ని నడిపే యంత్రమూ కావాలి. అందుకని గ్రాఫిక్స్ తొలి దశాబ్దపు పనితనాన్ని అధ్యయనం చేయదలిస్తే, ఆ పని చేసినవాళ్లు అందుబాటులో ఉండగానే వాళ్ల మాటలు నమోదు చేయడం మొదలుపెట్టాలి.