చిన్న కోతతో గుండె కవాట చికిత్స

గుండెలోని నాలుగు కవాటాల్లో ఎక్కువగా చెడేవి ఎడమవైపున్న మైట్రల్, అయోర్టిక్ కవాటాలు. దారి సన్నబడితే రక్తం ముందుకు సరిగా పోలేదు, రెక్కలు సరిగా మూసుకోకపోతే వెనక్కి కారుతుంది. మందులు ఆయాసాన్ని తగ్గిస్తాయే గానీ చెడిన కవాటాన్ని బాగుచేయలేవు. చాలాకాలం వైద్యుల ముందున్న ప్రధానమైన దారి, రొమ్ము ఎముకను నిలువునా కోసి, గుండెను ఆపి, హార్ట్-లంగ్ మెషీన్ సాయంతో పనిచేయడం. ఆ ఎముకను పూర్తిగా కోయకుండా చేసేవన్నీ ఇప్పుడు చిన్న కోత చికిత్సలుగా చలామణి అవుతున్నాయి. నిజానికి ఇవి రెండు వేర్వేరు పనులు. పక్కటెముకల మధ్య కొద్ది సెంటీమీటర్ల కోతతో చేసే ఆపరేషన్‌లో మెషీన్ తప్పదు, గుండెను ఆపడమూ సాధారణంగా తప్పదు. తొడలోని రక్తనాళం గుండా సన్నని గొట్టాన్ని పంపి చేసేదానిలో గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. రెండింటినీ ఒకే గాటన కట్టి, కోత పొడవును బట్టి మంచిచెడ్డలు తేల్చడం సరికాదు. చికిత్స తర్వాత కవాటం ఎంత బాగా, ఎంతకాలం పనిచేస్తుందన్నదే అసలు కొలత.

ఈ మాటకు గట్టి సాక్ష్యం హైదరాబాద్ నుంచే వచ్చింది. చిన్నతనంలో వచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ కవాటం రెక్కల అంచులు అతుక్కుపోయి దారి ఇరుకవుతుంది. జపాన్‌కు చెందిన కాంజి ఇనోవె 1980ల తొలినాళ్లలో ఆ అతుకులను గొట్టం ద్వారా పంపిన బెలూన్‌తో విడదీసే పద్ధతి కనిపెట్టారు. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆస్పత్రిలో బి. సోమరాజు ప్రభృతులు అమెరికా వైద్యులతో కలిసి 60 మంది రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు బెలూన్ చికిత్స, రెండో జట్టుకు ఛాతీ తెరిచి ఆపరేషన్ చేయించారు. 1994లో ప్రచురించిన ఫలితాల ప్రకారం మూడేళ్ల తర్వాత కవాటం వైశాల్యం బెలూన్ జట్టులో సగటున 2.4 చదరపు సెంటీమీటర్లు, ఆపరేషన్ జట్టులో 1.8. అంటే కోతే లేని పద్ధతి కవాటాన్ని మరింత బాగా తెరిచి ఉంచింది. అయితే రెక్కలు సున్నం పేరుకుని గట్టిపడినా, లీకు ఎక్కువగా ఉన్నా, ఎడమ కర్ణికలో గడ్డకట్టిన రక్తం ఉన్నా బెలూన్ తగదు. రోగిని ఎంచుకోవడంలోనే సగం విజయం ఉంది.

పక్కటెముకల మధ్య కోత సంగతి వేరు. ఈ కోతను, రొమ్ము ఎముకను కోసే ఆపరేషన్‌ను పోలుస్తూ బ్రిటన్‌లో మైట్రల్ కవాటం బాగుచేయించుకున్న 330 మందిపై జరిగిన పరీక్ష 2023లో వెలువడింది. ఆరో వారానికి చిన్న కోత వారు ఎక్కువ చురుగ్గా ఉన్నారు, పన్నెండో వారానికి శారీరక సామర్థ్యంలో రెండు జట్లూ సమానమయ్యాయి. ఏడాది తర్వాత కవాటం పనితీరులోనూ తేడా లేదు. అలాంటప్పుడు ఇదంతా మచ్చ కనబడకుండా చేసే సోకు కాదా అని ఆక్షేపించవచ్చు. కాదు. రెక్కల కష్టం మీద బతికే మనిషి కొన్ని వారాలు ముందుగా తేరుకోవడం చిన్న విషయం కాదు. కానీ ఆ లాభం అనుభవజ్ఞుడైన సర్జన్ చేతిలోనే దక్కుతుంది. ఇరుకు దారిలో గుండెను ఆపి ఉంచే సమయం పెరగవచ్చు, మెషీన్ గొట్టాలు అమర్చిన తొడ ధమనికి దెబ్బ తగలవచ్చు. కోత చిన్నదిగా ఉంచడం కోసం, బాగుచేయగల కవాటాన్ని మార్చేయడం మాత్రం క్షమించరానిది.

అయోర్టిక్ కవాటాన్ని గొట్టం ద్వారా మార్చే పద్ధతిని ఫ్రాన్స్‌లోని రువెన్‌లో అలెన్ క్రిబియె 2002లో తొలిసారి మనిషిలో చేసి చూపారు. ఆపరేషన్ తట్టుకోలేని రోగులపై జరిగిన పరీక్ష ఫలితాలు 2010లో వచ్చాయి. ఏడాదిలో మరణాలు మామూలు చికిత్సలో 50.7 శాతం, ఈ పద్ధతిలో 30.7 శాతం. మరి అందరికీ ఇదే చేయవచ్చు కదా అంటే, చేయకూడదు. జంతు కణజాలంతో చేసిన ఈ కవాటం కాలక్రమంలో అరిగిపోతుంది, కొందరికి పేస్‌మేకర్ అవసరమవుతుంది. అమెరికా వైద్యసంఘాల 2020 మార్గదర్శకాలు 65 ఏళ్లలోపు వారికి ఆపరేషన్‌నే, 80 దాటినవారికి గొట్టం పద్ధతినే ముందుంచాయి. యాభై ఏళ్ల వ్యక్తి ఆస్పత్రిలో నాలుగు రోజులు తగ్గుతాయని ఆశపడితే, ముందున్న ముప్పై ఏళ్లను పణంగా పెట్టినట్టే.

అందుకే చికిత్సకు ఒప్పుకునే ముందు రోగి, ఇంటివాళ్లు డాక్టరుగారిని సూటిగా అడగాలి: నా కవాటం బాగుచేయగలిగిందేనా, ఈ పద్ధతిలో ఏడాదికి ఎన్ని కేసులు చేస్తారు, చిన్న కోతతో పని పూర్తికాకపోతే ఏం చేస్తారు, పెట్టిన కవాటం అరిగితే తర్వాతి దారి ఏది?